ప్రశ్నార్థకం ఎక్కడ పెడతారు?

సెట్టింగుల్లో పీహెచ్‌పీ వెర్షన్ 80400 (అంటే 8.4) అని మార్చి ఎంటర్ కొడతారు. పీహెచ్‌పీస్టాన్ మీ కోడ్ మొత్తం చదువుతుంది. ఇక స్క్రీన్ ఆగదు. వరస వెంట వరస, అదే ఫిర్యాదు: డిఫాల్ట్ విలువ నల్ కాబట్టి ఈ పారామీటరు చెప్పాపెట్టకుండా నల్లబుల్ అయిపోతోంది, 8.4 దీన్ని వద్దంటోంది. సర్వర్ 8.4కి మారేది ఈ రాత్రే.

మొదటి ఫైలు తెరుస్తారు. బిల్లు పంపే ఫంక్షన్. ‘స్ట్రింగ్ $నోట్ = నల్’. ఏళ్లుగా నడుస్తున్న లైను, దీనికేం రోగం? పేరుకి స్ట్రింగ్, లోపలికి నల్‌నీ రానిస్తోంది. అదీ పేచీ. 2016 డిసెంబరులో 7.1 వచ్చేదాకా ‘నల్ అయినా పర్లేదు’ అని చెప్పడానికి వేరే దారి లేదు, పాపం అందరూ ఇలాగే రాశారు. ఇప్పుడు టైపు ముందు ‘?’ పెడితే సరి. పెడతారు. ఆ హెచ్చరిక పోయింది.

లేదా ‘= నల్’ తీసేస్తే? వేలు బ్యాక్‌స్పేస్ మీదికి వెళ్తుంది. ఆగండి. ఎవరెవరు పిలుస్తున్నారో వెతకండి. చాలామంది నోట్ ఇవ్వకుండానే పిలుస్తున్నారు. తీస్తే అవన్నీ పడిపోతాయి.

తర్వాతిది ‘ఇంట్|స్ట్రింగ్ $ఐడీ = నల్’. అలవాటుగా ‘?’ కొడతారు. ఎర్రగీత! యూనియన్ టైపు ముందు అది కుదరదు. చివర ‘|నల్’ చేర్చండి.

ఇంకోటి. నల్ పారామీటరు ముందు, తప్పనిసరిది వెనక. ‘?’ పెట్టగానే హెచ్చరిక మారుతుంది: ఐచ్ఛికం ముందు రాకూడదట. వెనకది ఇవ్వాలంటే ముందుదీ ఇవ్వాల్సిందే కదా. ఇక్కడ మాత్రం ‘= నల్’ తీసేయొచ్చు.

చాట్ మోగుతుంది. “అయిందా? ఎక్కిద్దామా?”

ఇంకా మిగిలాయి. అన్నిటినీ బేస్‌లైన్‌లోకి తోసేస్తే రిపోర్టు శుభ్రం. ఒక్క కమాండ్. చెయ్యి ఊరుకోదు.

ఎర్రర్ హ్యాండ్లర్ తెరవండి. చూశారా? చిన్న హెచ్చరికనీ ఎక్సెప్షన్‌గా విసురుతోంది. ఈ హెచ్చరిక ఫంక్షన్ పిలిచేదాకా ఆగదు. ఫైలు లోడైతే చాలు. లాగిన్ ఫైలు లోడవుతుంది. ఎక్సెప్షన్. పేజీ తెల్లబడుతుంది.

బేస్‌లైన్ రిపోర్టునే దాస్తుంది, దీన్ని ఆపదు. వద్దు. రెక్టర్‌కి అప్పజెప్పండి, మిగతావి అది మారుస్తుంది. డిఫ్ మాత్రం మీరే చదవండి.

మళ్లీ పీహెచ్‌పీస్టాన్ నడుపుతారు. సున్నా. టెస్టులు 8.4 మీద నడుపుతారు. ఒక్కటి అరుస్తుంది, వెండర్ ఫోల్డర్ లోంచి. అక్కడ చెయ్యి పెట్టకండి, కంపోజర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే మీ మార్పు పోతుంది. ఆ ప్యాకేజీకి కొత్త వెర్షన్ వచ్చిందేమో చూడండి. వచ్చింది. అప్‌డేట్ కొట్టి, చాట్‌కి జవాబివ్వండి.