చిట్టిమల్లు ఓడిందా, ఓడించారా?

మా అమ్మ పుట్టిల్లు మాచర్ల, మెట్టినిల్లు గురజాల. కోడిపోరు మాటెత్తితే నాయనమ్మకూ ఆమెకూ పొసిగేది కాదు. “మోసం చెయ్యకపోతే చిట్టిమల్లు ఓడేదా అత్తమ్మా?” అనేది అమ్మ. “ఓడినోళ్లు ఇంకేం చెప్పుకుంటారే?” అనేది నాయనమ్మ.

12వ శతాబ్దపు పల్నాటి మాట. గురజాలలో నలగామరాజు, మాచర్లలో ఆయన సవతి తమ్ముడు మలిదేవుడు. ఇటు మంత్రిణి నాగమ్మ, అటు బ్రహ్మనాయుడు. కోడిపోరులో ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలని పందెం. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు మీద నాగమ్మ సివంగి డేగ నెగ్గింది. గడువు తీరాక మాచర్ల తరఫున రాజ్యభాగం అడగడానికి వచ్చిన అలరాజును మా పక్కనే చర్లగుడిపాడులో విషం పెట్టి చంపారంటారు. ఆ తర్వాతదే కారెంపూడి యుద్ధం.

ఏం మోసం జరిగిందని అడిగితే అమ్మ ఒకసారి మంత్రం అనేది, ఇంకోసారి మందు అనేది. కథ మనదాకా వచ్చింది కారెంపూడి వీరులను కొలిచేవాళ్ల నోట. నాగమ్మ తరఫున పాడినవాళ్లు లేరు. అందుకే ఆమెను దోషి అని నేను అనలేను. కానీ ఒకటి మాత్రం గట్టిగా నమ్ముతాను: ఆ రోజు తప్పు పుంజుల దగ్గర కాదు, పందెం దగ్గరే మొదలైంది. రాజ్యాన్ని తెచ్చి కోడి కాలికి కట్టాక మేత పెట్టేవాడి మీద, బరిలో వదిలేవాడి మీద వలవేసే మనిషి పుట్టుకొస్తాడు. రాజును కొనక్కర్లేదు, ఆ చేతుల్ని కొంటే చాలు.

2000లో దక్షిణాఫ్రికా క్రికెట్ కెప్టెన్ హాన్సీ క్రోన్యే బుకీల దగ్గర డబ్బు తీసుకున్నానని ఒప్పుకున్నప్పుడు నాకు ఆ చేతులే గుర్తొచ్చాయి. కోట్లాది మంది చూసే ఆట, దాని వెనక లెక్కాపత్రం లేని బెట్టింగు. అదే ఏడాది మన హైదరాబాదు అజహరుద్దీన్‌పై మ్యాచ్ ఫిక్సింగు ఆరోపణతో బీసీసీఐ జీవితకాల నిషేధం వేసింది. 99 టెస్టుల దగ్గర ఆయన ఆట ఆగింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. తీర్పు వచ్చినా మా వీధి అరుగు మీద వాదన తెగలేదు. అనుమానం ఒకసారి పడితే నిజంగా గెలిచినవాడికీ గెలుపు దక్కదు. నన్ను బాధపెట్టేది అదే.

ఐసీసీ 2000లోనే అవినీతి నిరోధక విభాగం పెట్టింది. శ్రీలంక 2019లో ఫిక్సింగును నేరం చేస్తూ చట్టం చేసింది. మన దగ్గర లా కమిషన్ 2018లో, 276వ నివేదికలో, ఫిక్సింగును నేరంగా ప్రకటించమంది. అది చట్టం కాలేదు. 2022లో కర్ణాటక హైకోర్టు, ఫిక్సింగు 420 సెక్షను కింద మోసం కిందికి రాదని తేల్చింది. పట్టుబడ్డవాణ్ని ఏ నేరం కింద నిలబెట్టాలో తెలియని దేశంలో కుర్ర ఆటగాడికి భయం ఎక్కణ్ణుంచి వస్తుంది?

అమ్మ పోయాక ఒక కార్తీకంలో కారెంపూడి వెళ్లాను. వీరుల ఉత్సవాల్లో నాలుగో రోజు, కోడిపోరు. జనమంతా పుంజులకేసి మెడలు చాచారు. పక్కనున్న ముసలాయన నా భుజం తట్టాడు. “పుంజుల్ని కాదమ్మా, పట్టుకున్నోళ్ల చేతులు చూడు.”