జీపు: యుద్ధంలో పుట్టి పానాల మీద బతికిన బండి

అమెరికా కార్లు మన దేశానికి చాలానే వచ్చాయి. షెవర్లే, ఫోర్డు, బ్యూయిక్, ప్లిమత్, డాడ్జ్, స్టూడిబేకర్ జమీందార్ల గ్యారేజీల్లోనూ సంస్థానాధీశుల కోటల్లోనూ వెలిగాయి. వాటిలో మట్టి రోడ్ల మీదికి దిగి, మామూలు మేస్త్రీల చేతుల్లో డెబ్బై ఎనభై ఏళ్లు నిలిచింది మాత్రం జీపే. బిలాస్‌పూర్ లాంటి రైల్వే పట్నానికి ఉత్తరాన సాల అడవులు, తూర్పున కోర్బా బొగ్గు గనులు. పట్టాలు ఆగిపోయిన చోటినుంచి ముందుకు వెళ్లాలంటే జీపు కావలసిందే. అందుకే ఈ బండి పుట్టుపూర్వోత్తరాలు ఇక్కణ్ణుంచి చెప్పుకోవడం సబబు.

1940 జూలైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు ఒక పిలుపు పంపింది. తేలికగా ఉండాలి, నాలుగు చక్రాలకూ శక్తి అందాలి, మొదటి బండి 49 రోజుల్లో చేతికి రావాలి. అంత తక్కువ గడువు చూసి దాదాపు అందరూ వెనక్కి తగ్గారు. దివాలా అంచున ఉన్న బాంటమ్ అనే చిన్న కంపెనీ మాత్రం కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరును పిలిపించుకుంది. ఆయన రెండే రోజుల్లో నక్షా గీశాడు. సెప్టెంబరు 23న నమూనా బండి సైన్యం ముందు నిలబడింది. విల్లీస్-ఓవర్‌ల్యాండ్, ఫోర్డు ఆ తర్వాత రంగంలోకి వచ్చాయి. చివరికి కాంట్రాక్టు విల్లీస్‌కు దక్కింది. కారణం దాని ఇంజను. బార్నీ రూస్ అనే ఇంజనీరు ఒక పాత కారు ఇంజనుకు సానబట్టి 60 గుర్రాల బలం రాబట్టాడు. 2,199 సీసీ, నాలుగు సిలిండర్లు. బండికి రూపం ఇచ్చిన బాంటమ్‌కు రెండు వేల ఏడు వందల లోపు బండ్లు తయారు చేసే అవకాశమే దక్కింది. విల్లీస్, ఫోర్డు కలిసి యుద్ధం ముగిసేలోపు ఆరు లక్షలకు పైగా కట్టాయి. ఈ పంపకం నాకు ఎప్పటికీ అన్యాయంగానే కనిపిస్తుంది.

మన వైపు ఆ జీపులు బర్మా యుద్ధం కోసం వచ్చాయి. అస్సాంలో లీడో నుంచి బర్మా మీదుగా చైనా వైపు రోడ్డు వేసిన అమెరికన్ సైన్యానికి అవే కాళ్లు. ఇక ఈ కథ చెప్పుకుంటున్న బిలాస్‌పూర్ సంగతి. బొంబాయినీ హౌరానూ నాగపూర్ మీదుగా కలిపే బెంగాల్ నాగపూర్ రైల్వే దారిలో పెద్ద జంక్షన్ బిలాస్‌పూర్. 1887లో ఏర్పడిన ఆ కంపెనీ 1931 నాటికి రాయపూర్-విజయనగరం లైను కూడా పూర్తి చేసింది. ఉత్తరాంధ్ర నుంచి ఎందరో తెలుగువాళ్లు రైల్వే కొలువుల కోసం ఈ వైపు వచ్చి స్థిరపడ్డారు. ఫిట్టర్లు, ఫైర్‌మెన్, డ్రైవర్లు, గుమస్తాలు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు ఇంటి భాషగా నిలబడింది వాళ్ల వల్లే.

యుద్ధం ముగిశాక మిగిలిన బళ్లను మిలిటరీ డిస్పోజల్ కింద అమ్మేశారు. కొన్నవాళ్లకు బండి దొరికింది కానీ సామాను దొరకలేదు. ఆ కొరత తీర్చినవాళ్లు మహీంద్రా సోదరులు. యుద్ధకాలంలో ఇండియా సప్లై మిషన్ పని మీద అమెరికాలో ఉన్న కె.సి. మహీంద్రాకు అక్కడే బార్నీ రూస్ పరిచయమయ్యాడు. స్వాతంత్ర్యం వచ్చిన కొద్దికాలానికే బొంబాయిలో విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బిగించడం మొదలైంది. క్రమంగా భాగాలు కూడా ఇక్కడే తయారయ్యాయి. తతిమ్మా అమెరికా కార్ల కథ ఇందుకు పూర్తిగా భిన్నం. బొంబాయిలో 1928 నుంచి షెవర్లేలు బిగించిన జనరల్ మోటార్స్, దాని పోటీదారు ఫోర్డు, భాగాలు ఇక్కడే తయారు చేయాలని ప్రభుత్వం పట్టుబట్టడంతో 1950ల మధ్యకల్లా దుకాణం కట్టేశాయి. వాటి కార్లు అనాథలయ్యాయి. బండి గట్టిదైనంత మాత్రాన బతకదు. దాని బేరింగు, దాని గాస్కెట్టు పక్క ఊళ్లో దొరికితేనే బతుకుతుంది.

పాత జీపును నడిపించడంలో అసలు కష్టం మరమ్మతు కన్నా ముందే, పానా దగ్గరే మొదలవుతుంది. బ్రిటిష్ వాళ్లు కట్టిన రైల్వేలో బోల్టులన్నీ విట్‌వర్త్ అనే కొలత మరలవి. జీపు బోల్టులు అమెరికన్ కొలతలవి. 1956 కొలతల చట్టం తర్వాత దేశంలోకి మెట్రిక్ కొలతలు వచ్చాయి. అంటే ఒకే మేస్త్రీ పెట్టెలో మూడు రకాల పానాలు ఉండాలి. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 మరలు, అదే కొలత అమెరికన్ ముతక మర బోల్టుకు 13. ఒకదాని నట్టు రెండోదానికి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. అక్కడ ఆపితే మర దక్కుతుంది, బలం ప్రయోగిస్తే పోతుంది. ఇంతకన్నా ప్రమాదం పావు అంగుళం బోల్టుతో. రెండింటికీ అంగుళానికి 20 మరలే కాబట్టి ఇది చక్కగా ఎక్కిపోతుంది. కానీ మర కోణం ఒకదానికి 55 డిగ్రీలు, రెండోదానికి 60. బిగిసినట్టే ఉంటుంది, కుదుపులకు వదులవుతుంది. పాత జీపుల్లో ఎన్నిసార్లు బిగించినా ఊడిపోయే బోల్టు ఉందంటే నా అనుమానం ముందు దీని మీదికే పోతుంది.

ఇక రోడ్డు మీద భద్రత. యుద్ధకాలపు జీపుకు నాలుగు చక్రాల బ్రేకులూ ఒకే మాస్టర్ సిలిండరు మీద ఆధారపడతాయి. ఒక్క రబ్బరు గొట్టం పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. చేతి బ్రేకు చక్రాలను పట్టుకోదు, ముందు వెనక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక తిరిగే షాఫ్టును పట్టుకుంటుంది. దాన్ని నిర్లక్ష్యం చేస్తే కాలి బ్రేకు పోయిన రోజున ఇంకే ఆధారమూ మిగలదు. మొదటి గేరుకు పళ్ల వేగాలు కలిపే సింక్రో లేదు కాబట్టి నడుస్తుండగా అందులోకి దిగాలంటే రెండుసార్లు క్లచ్ తొక్కాలి. తొక్కడం తెలియని డ్రైవరు గేరు పళ్లు అరగదీస్తాడు. కరెంటు ఆరు వోల్టులదే. వైరు చివర కాస్త తుప్పు పట్టినా సెల్ఫ్ నీరసిస్తుంది.

ఇప్పుడు కొత్త బెడద పెట్రోలు. 2023లో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు బంకుల్లో మామూలైపోయింది. పాత పంపులోని రబ్బరు పొరకు, పైపులకు అది పడదు. ఇథనాల్ నీటిని కూడా పీలుస్తుంది. నెలల తరబడి కదలని జీపు ట్యాంకులో తుప్పు లేవడానికి అది చాలు. పాత రబ్బరు తీసి ఇథనాల్‌ను తట్టుకునే రకం వేయించడం, బండిని ఎక్కువ కాలం నిలబెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయడం తప్ప మార్గం లేదు.

పెట్రోలు ఖర్చు అప్పట్లోనూ భారమే. అందుకే ఎన్నో జీపుల్లో అసలు ఇంజను తీసేసి డీజిలు ఇంజను బిగించారు. గేరుబాక్సుకు అతుకు వేసి, మౌంటింగులు కోసి, మళ్లీ వెల్డింగు పెట్టి సాధించిన పని అది. గనుల దారిలో, గిరిజన గ్రామాలకు ప్రయాణికులను చేరవేసే సర్వీసుల్లో జీపు నిలిచింది ఆ మార్పు వల్లే. కానీ 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనలు 50 ఏళ్లు దాటినా అసలు రూపం చెడని బండినే వింటేజ్‌గా గుర్తిస్తాయి. చాసిస్ గానీ బాడీ గానీ ఇంజను గానీ మారిస్తే ఆ గుర్తింపు లేదు. ఆ గుర్తింపు దక్కితే రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, నంబరు ప్లేటులో 'వీఏ' అక్షరాలు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల వంటి పనులకే రోడ్డెక్కాలి. అసలు రూపాన్ని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. అయితే మేస్త్రీ చేతి పని వల్లే బతికిన బండికి చరిత్రలో చోటు లేకుండా చేయడం సరికాదని నా అభిప్రాయం. మార్చి నడిపించిన జీపులకు వేరే తరగతి ఉండాలి.

రైల్వేలో అయితే మార్పులు ఇలా లెక్కకు అందకుండా పోవు. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి 16 నమూనాలుగా దిగిన డబ్ల్యూపీ ఆవిరి ఇంజన్లు గానీ, 1950ల చివర ఆల్కో నుంచి వచ్చిన వంద డీజిలు ఇంజన్లు గానీ షెడ్డులో అడుగు పెట్టిన నాటినుంచి లెక్కలోనే ఉన్నాయి. ఏ రోజు ఏ భాగం విప్పారో, ఏది మార్చారో పుస్తకంలో రాసేవారు. గడువు ప్రకారం వర్క్‌షాపుకు వెళ్లి పూర్తిగా విప్పి బిగించుకుని వచ్చేవి. జీపుకు అటువంటి పుస్తకం లేదు. మేస్త్రీ జ్ఞాపకమే దాని రికార్డు.

అందుకే బిలాస్‌పూర్‌లోనైనా మరెక్కడైనా సరే, పాత జీపు ఉన్న ఇళ్లవాళ్లను అడిగేది ఒకటే. పాత ఆర్సీ పుస్తకం, బిల్లులు, మాన్యువల్ పారేయకండి. డీజిలు బిగించినా తీసేసిన పెట్రోలు ఇంజనును తుక్కుకు వేయకండి. బండి చూసిన పెద్ద మేస్త్రీ ఇంకా ఉంటే ఆయన పక్కన కూర్చుని ఏ భాగం ఎప్పుడు మారిందో, ఏ బోల్టు ఏ కొలతో రాసి పెట్టుకోండి.