పందెపు బండిలో ఆముదం

కుల్కచర్ల నుండి పరిగి మీదుగా వికారాబాదు పోయే త్రోవలో ఎర్రచెలకలు విస్తారంగా ఉన్నవి. వర్షం తప్ప వేరే ఆధారం లేని ఈ చెలకలలో జొన్న, కంది, ఆముదం తరతరాలుగా పండిన పంటలు. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనవారు ఆ మొక్కను కొంత చులకన చేసినారు గాని, ఇంట్లో దీపానికీ, తలకూ, పసిపిల్లల కడుపునొప్పికీ, వాకిట్లో ఎడ్లబండి ఇరుసుకూ దాని నూనెనే వాడుకొన్నారు. గడ్డిని కాల్చిన మసిని ఆముదంలో కలిపి ఇరుసుకు పూసేవారు. దానినే కందెన అన్నారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అనే సామెత అందరూ ఎరిగినదే. యంత్రాలలో రాపిడిని తగ్గించే పదార్థాలన్నింటికీ నేడు పాఠ్యగ్రంథాలలో వాడే మాట కూడ ఇదే. అది ఎడ్లబండి ఇరుసు నుండి ప్రయోగశాలకు నడిచివచ్చినది.

ఇరుసు కందెన అయిన ఈ ఆముదమే మూడున్నర ఘన సెంటీమీటర్ల ఇంజనుగల ఒక పందెపు బండిలో నేటికీ నిలిచి ఉన్నది. దానిని నైట్రో బగ్గీ అంటారు. నిజమైన కారులో ఎనిమిదవ వంతు కొలతతో, అర మీటరు పొడవుతో, మూడు కిలోగ్రాములకు కొంచెం మించిన బరువుతో ఉండే ఈ బండి మట్టిదారిపై గుట్టలు దూకుతూ పరుగెత్తుతుంది. ఇంజను నిమిషానికి 30,000 చుట్లు దాటి తిరుగుతుంది. నడిపేవాడు దూరాన నిలబడి రేడియో తరంగాలతో దానిని త్రిప్పుతాడు. దాని తొట్టిలో మూడు ద్రవాలు కలిసి ఉంటాయి: మిథైల్ ఆల్కహాలు, నైట్రోమీథేన్, నూనె. ఈ మూడింటికీ మూడు వేరు చరిత్రలు ఉన్నవి. వాటిని ఎరిగినవానికి బండి శ్రుతి చేయడం సగం తెలిసినట్లే.

మొదట నూనె సంగతి. 1908లో ఫ్రాన్సులో సెగ్విన్ సోదరులు నోమ్ అనే విమాన ఇంజనును తయారుచేసినారు. ఇందులో క్రాంక్ షాఫ్టు కదలదు. సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో కలిసి దాని చుట్టూ తిరుగుతాయి. పెట్రోలు ఆవిరి క్రాంక్ గది గుండానే సిలిండర్లకు పోవాలి. అక్కడ ఖనిజ తైలాన్ని పోస్తే పెట్రోలు దానిని కరిగించి కడిగివేస్తుంది. ఆముదం పెట్రోలులో సులభంగా కరగదు. అందుచేత మొదటి ప్రపంచయుద్ధపు విమానాలలో ఈ తరహా ఇంజన్లన్నీ ఆముదంతోనే తిరిగినవి. వాడిన నూనె మరల గిన్నెలోకి రాదు, పొగతో బయటికి చిమ్ముతుంది. విమాన చోదకులు దానిని పీల్చి, ఆముదం త్రాగిన పిల్లల వలె బాధపడినారని ఆనాటి వారు చెప్పుకొన్నారు. నూనెకు గిరాకీ ఎంత పెరిగినదంటే 1918లో అమెరికా ప్రభుత్వం తమ రైతులతో ఒప్పందాలు చేసుకొని ఆముదం సాగు చేయించినది. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డు కంపెనీ విడుదల చేసిన క్యాస్ట్రాల్ నూనె పేరు కూడ ఆముదపు ఇంగ్లీషు పేరు నుండి పుట్టినదే. ఆ దశాబ్దాలలో భారతదేశంలో ఆముదం పండించే ప్రాంతాలలో హైదరాబాదు సంస్థానం ముఖ్యమైనది.

ఆముదానికి ఈ గుణం ఎట్లు వచ్చినది? దానిలోని కొవ్వు ఆమ్లాలలో సుమారు 85 నుండి 90 శాతం వరకు రిసినోలిక్ ఆమ్లమే. ఈ ఆమ్లపు కర్బన గొలుసులో 12వ కర్బన పరమాణువు వద్ద ఒక హైడ్రాక్సిల్ సమూహం ఉన్నది. వేరుశనగ, నువ్వుల నూనెలలో ఇటువంటిది లేదు. ఈ ఒక్క సమూహం వలన ఆముదం చిక్కగా ఉంటుంది, లోహపు ఉపరితలాన్ని పట్టుకొని ఉంటుంది, ఆల్కహాలులో కరుగుతుంది. పెట్రోలుతో పొసగని నూనె ఆల్కహాలుతో పొసగడమే తరువాతి కథకు మూలం.

ఇక నిప్పు. 1817లో హంఫ్రీ డేవీ బొగ్గు గనుల దీపాలపై పరిశోధిస్తూ, వేడిచేసిన ప్లాటినం తీగను మండే వాయువు, గాలి కలిసిన మిశ్రమంలో ఉంచితే మంట లేకుండానే ఎర్రగా వెలుగుతూ ఉండడం చూసినాడు. ఆల్కహాలు ఆవిరిలో కూడ ఇట్లే జరుగుతుంది. ప్లాటినం తాను ఖర్చు కాక, తన ఉపరితలంపై దహనాన్ని త్వరితం చేస్తుంది. ఈ క్రియకు ఉత్ప్రేరణ అనే పేరు బెర్జీలియస్ 1835లో పెట్టినాడు. డేవీ చూసిన ఆ తీగ నూటముప్పై సంవత్సరాల తరువాత ఒక బొమ్మ ఇంజనులోకి ప్రవేశించినది. అప్పటి దాకా నమూనా విమానాల చిన్న ఇంజన్లకు స్పార్కు కోసం బ్యాటరీ, తీగచుట్ట, కండెన్సరు మోయవలసి వచ్చేది. బరువులో పెద్ద భాగం వీటిదే. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ ప్లాటినం తీగచుట్టగల గ్లో ప్లగ్‌ను అమ్మకానికి తెచ్చినాడు. మొదట ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో తీగను వేడిచేస్తారు. ఇంజను అందుకొన్న తరువాత బ్యాటరీని తీసివేస్తారు. సంపీడనపు వేడి, ఉత్ప్రేరణ కలిసి తీగను ఆరనీయవు.

సౌకర్యం గొప్పదే, కాని దీనితో ఒక చిక్కు కూడ వచ్చినది. స్పార్కు ఇంజనులో నిప్పు ఎప్పుడు పడాలో మనం నిర్ణయిస్తాము. ఇందులో ఆ నిర్ణయం ఎవరి చేతిలోనూ లేదు. సంపీడన నిష్పత్తి, తీగ వేడి, ఇంధనపు పాళ్లు, గాలి సాంద్రత కలిసి దానిని నిర్ణయిస్తాయి. వీటిలో ఏది మారినా నిప్పు పడే క్షణం మారుతుంది.

మూడవది నైట్రోమీథేన్. జర్మనీలో కోల్బే దీనిని 1872లో తయారుచేసినాడు. 1930 తరువాత అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో హాస్, ఆయన సహచరులు ప్రోపేన్ వంటి వాయువులను నైట్రిక్ ఆమ్లపు ఆవిరితో నైట్రేషను చేసే పద్ధతిని రూపొందించడంతో ఇది పీపాల లెక్కన లభించసాగినది. దీని బలం ఎక్కడున్నదో విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును. ఒక కిలోగ్రాము పెట్రోలు మండితే సుమారు 44 మెగాజౌళ్ల శక్తి, మిథైల్ ఆల్కహాలుకు 20, నైట్రోమీథేన్‌కు 11 మాత్రమే వస్తుంది. ఇంతవరకే చూస్తే నైట్రోమీథేన్ నాసి ఇంధనం. కాని ఇంజను మ్రింగగలిగేది గాలిని. ఇంధనానికి లోటు లేదు. ఒక కిలోగ్రాము పెట్రోలుకు 14.7 కిలోగ్రాముల గాలి కావాలి, మిథైల్ ఆల్కహాలుకు 6.4, నైట్రోమీథేన్‌కు 1.7 చాలును, ఎందుకంటే దాని అణువులోనే ఆక్సిజన్ ఉన్నది. కిలోగ్రాము గాలికి వచ్చే శక్తిని భాగించి చూడండి: పెట్రోలుకు 3, ఆల్కహాలుకు 3.1, నైట్రోమీథేన్‌కు 6.5 మెగాజౌళ్లు. అదే సిలిండరు, అదే గాలి, రెట్టింపు శక్తి! పందెపు బండి ఇంధనంలో సాధారణంగా దీనిని నాలుగవ వంతు కలుపుతారు.

రేడియో చరిత్రను ఇక్కడ క్లుప్తంగా చెప్పితే చాలును. 1898లో న్యూయార్కులో నికోలా టెస్లా ఒక చిన్న పడవను తీగలు లేకుండా నడిపి చూపినాడు. 1937 ప్రాంతంలో గుడ్ సోదరులు అమెరికాలో రేడియోతో నమూనా విమానాన్ని ఎగురవేసినారు. కార్లకు ఇది తరువాత వచ్చినది. మొదట చదునైన దారిపై, తరువాత మట్టిదారిపై. ఎనిమిదవ వంతు మట్టిదారి బండ్లకు మొదటి ప్రపంచ పోటీ 1986లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో జరిగినది. మన దేశంలో ఈ శతాబ్దంలో ఇంజనీరింగు కళాశాలల సాంకేతికోత్సవాలలో ఇటువంటి ఇంజను బండ్ల పందేలు జరిగినవి. అంతకు పూర్వం 27 మెగాహెర్ట్జుల రేడియోలలో ఒకరి సంకేతం మరొకరి బండిని పట్టుకొనేది. 2.4 గిగాహెర్ట్జుల పద్ధతి వచ్చి ఆ బాధను తీర్చినది. సంకేతం తెగిపోతే ఇంధనాన్ని తగ్గించి బ్రేకు వేసే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలి. మూడు కిలోల బరువు అదుపు తప్పి పరుగెత్తితే కాలు విరుగుతుంది.

బండిని మెరుగుపరచాలనుకొనేవారు తరచుగా మెరిసే అల్యూమినియం భాగాలను ముందు కొంటారు. అది డబ్బు దండుగ. మొదట చూడవలసినది గాలి జల్లెడ. గ్రానైటు శిథిలమై ఏర్పడిన ఎర్రనేల దుమ్ములో క్వార్ట్జు రేణువులుంటాయి. అవి అల్యూమినియం కంటె, ఇత్తడి కంటె చాల కఠినం. నూనె పట్టించిన నురుగు జల్లెడ లేకుండ ఈ చెలకలలో ఒక పూట నడిపితే ఇంజను ఆయుస్సు తీరిపోతుంది. తరువాత బాల్ బేరింగులు, క్లచ్. డిఫరెన్షియల్ పెట్టెలలో పోసే సిలికోన్ నూనెల స్నిగ్ధతను మార్చి మలుపులలో బండి నడకను దిద్దవచ్చును. చక్రాలు జారే పొడి నేలకు పలుచని నూనె నయం.

ఇంజనులోనే జరిగిన పెద్ద మార్పు 1960 తరువాతది. పాత ఇనుప ముషలకాల స్థానంలో అల్యూమినియం ముషలకం, లోపల క్రోమియం పూసిన ఇత్తడి సిలిండరు వచ్చినవి. సిలిండరు పైభాగం కొంచెం సన్నంగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ముషలకం అక్కడ బిగుసుకొంటుంది. వేడెక్కినప్పుడు ఇత్తడి తగినంత వ్యాకోచించి ఖాళీ సరిగ్గా ఏర్పడుతుంది. కనుక క్రొత్త ఇంజనును ఎక్కువ ఇంధనం పోసి చల్లగా త్రిప్పుతూ మచ్చిక చేయడమనే పాత అలవాటు దీనికి హాని చేస్తుంది. తలభాగం 100 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కాలి.

ఇప్పుడు సూది కవాటం సంగతి. కార్బురెట్టరుపై ఉన్న చిన్న మరను త్రిప్పితే ఇంధనం పెరుగుతుంది, తగ్గుతుంది. చూడడానికి ఒకే పని. కాని ఈ ఇంధనంలోనే కందెన ఉన్నది, ఇంజనును చల్లబరిచే ఆల్కహాలు కూడ ఉన్నది. మరను బిగిస్తే వేగం పెరుగుతుంది. అదే సమయంలో కందెన తగ్గుతుంది, చల్లదనం తగ్గుతుంది, నిప్పు ముందుగా పడుతుంది. ఒక్క మర నాలుగు పనులను ఒకేసారి మారుస్తుంది. చివరి అర కిలోమీటరు వేగం కోసం మరను బిగించినవాడు ఇంజనును తానే కాల్చుకొంటాడు.

వికారాబాదు పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి, సముద్రతీరాన 15 డిగ్రీల వద్ద ఉండే గాలి కంటె సుమారు 15 శాతం పలుచన. గాలి తక్కువైతే ఇంధనం కూడ తగ్గించవలసినదే. మరను కొంత బిగించాలి. ప్రమాదం డిసెంబరులో ఉన్నది. ఉదయం 14 డిగ్రీల చలిలో గాలి సాంద్రత మే నెల కంటె పదవ వంతు పెరుగుతుంది. మే నెలలో పెట్టిన మరను తాకకుండ బండి నడిపితే అదనపు గాలికి తగిన ఇంధనం లేక మిశ్రమం పలుచబడుతుంది. బయట చలిగా ఉన్నదని ధైర్యంగా ఉంటే లోపల ముషలకం కాలిపోతుంది. తలపై ఒక నీటిబొట్టు వేసి చూడడం పాత పరీక్ష: మూడు నాలుగు సెకండ్లలో ఇగిరిపోతే మంచిది, తాకగానే చిటపటలాడి మాయమైతే మరను వదులు చేయాలి. ఉష్ణమాపకం ఉంటే 100, 120 డిగ్రీల మధ్య ఉంచితే చాలును.

ఈ పలుచబడిన మిశ్రమపు క్షణంలోనే ఆముదం విలువ తెలుస్తుంది. నేటి ఇంధనాలలో కృత్రిమ నూనెలు ఎక్కువ. అవి శుభ్రంగా ఉంటాయి, మసి, జిగట మిగల్చవు. ఆముదం ముషలకంపై గోధుమ రంగు పొరగా పేరుకొంటుంది, మాసాల తరబడి వదిలేస్తే ఇంజనును అంటించివేస్తుంది. కాని హద్దు మీరిన వేడిలో అనేక కృత్రిమ నూనెలు లోహాన్ని వదిలి కాలిపోతూ ఉంటే, ఆముదపు అణువులు ఒకదానితో ఒకటి అల్లుకొని పెద్ద అణువులై లోహాన్నే అంటిపెట్టుకొంటాయి. జిగట మిగిల్చే గుణమూ, ఇంజనును కాపాడే గుణమూ ఒకటే. అందుకే ఇంధన తయారీదారులు అనేకులు కృత్రిమ నూనెతో పాటు కొంత ఆముదాన్ని నేటికీ కలుపుతున్నారు. మర త్రిప్పడం క్రొత్తగా నేర్చుకొనేవాడు ఆముదం కొంచెం ఎక్కువగా ఉన్న ఇంధనాన్నే వాడడం తెలివి. జిగటను తుడుచుకోవచ్చును, కరిగిన ముషలకానికి మందు లేదు. వంటింటి వైద్యపు ఆముదం మాత్రం ఇందులో పనికిరాదు. తేమ, మడ్డి తీసిన శుద్ధ తైలమే కావాలి.

ఇంధనాన్ని ఇంట్లో కలుపుకొనే ప్రయత్నం విద్యార్థులు ఎన్నడూ చేయరాదు. మిథైల్ ఆల్కహాలు కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చును. దాని మంట పగటి వెలుగులో కంటికి కనబడదు. నైట్రోమీథేన్ ప్రేలుడు పదార్థాల తయారీకి కూడ పనికివస్తుంది గనుక 2021 ఫిబ్రవరి నుండి ఐరోపా సమాజంలో బరువులో 16 శాతానికి మించి నైట్రోమీథేన్ ఉన్న ఇంధనాన్ని లైసెన్సు లేని సామాన్యులకు అమ్మడం నిషిద్ధం. విద్యుత్ మోటారు బండ్లు కూడ ఇప్పుడు వేగంలో వీటికి తీసిపోవు. నైట్రోమీథేన్ పాలు తగ్గితే సంపీడన నిష్పత్తిని పెంచి, ప్లగ్ వేడిని మార్చి, మరను మరల మొదటి నుండి దిద్దుకోవలసి ఉంటుంది. నూనె పాలు మాత్రం తగ్గదు.

ఆ నూనె గింజ ఇప్పుడు ఎక్కడిది? ప్రపంచపు ఆముదంలో అత్యధిక భాగం భారతదేశానిదే, అందులో నాలుగింట మూడు వంతులకు పైగా గుజరాతుది. అక్కడ నీటి వసతితో సంకర రకాలను పండిస్తారు. దక్షిణ తెలంగాణ చెలకలలో వర్షం మీద ఆధారపడిన పైరు దిగుబడిలో దానితో పోటీపడలేకపోయినది. దాసరి పురుగు, బూజు తెగులు దానిని మరింత కృంగదీసినవి. పాలెం పరిశోధనా కేంద్రం క్రాంతి, హరిత అనే రకాలను, రాజేంద్రనగరులోని నూనెగింజల పరిశోధనా సంస్థ జ్యోతి అనే రకాన్ని ఇచ్చినా, 2000 తరువాత పెక్కు చెలకలు ప్రత్తికి మారినవి. కుల్కచర్ల వైపు రైతు ఆముదం వేసినా, వేయకపోయినా, పందెపు బండి తొట్టిలో ఆ గింజ నూనె పాలు మిగిలే ఉన్నది.