ఇంటికి చేరిన వర్క్‌స్టేషన్: పాత యూనిక్స్ యంత్రాల మరమ్మతు చరిత్ర

కంప్యూటర్ చరిత్రను పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఆవిష్కరణల చరిత్రగానే చెబుతాయి. ఏ సంవత్సరంలో ఏది పుట్టింది, ఎవరు కనిపెట్టారు అన్న దగ్గర ఆగిపోతాయి. బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వెలువడిన 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్' గ్రంథంలో ఈ పద్ధతిని ప్రశ్నించాడు. ఒక వస్తువు పుట్టుక కన్నా అది వాడుకలో ఉన్న కాలం, దాని నిర్వహణ, మరమ్మతు చరిత్రకారునికి ఎక్కువ చెబుతాయని ఆయన వాదన. ఆ దృష్టితో ఇక్కడ ఒక యంత్రాన్ని పరిశీలిద్దాం. అది 1980, 90 దశకాల్లో ప్రయోగశాలల కోసం తయారై, తరువాత తుక్కు ధరకు ఇళ్లకు చేరిన యూనిక్స్ వర్క్‌స్టేషన్. పరిశీలించే చోటు అనంతపురం కరవు పీఠభూమి. ఇటువంటి యంత్రం ఇంట్లో మొరాయించినప్పుడు, దాని ప్రతి లోపం వెనుక ఒక నమ్మకం కనిపిస్తుంది. తయారుచేసినవారు "ఇది ఎలాగూ ఉంటుంది" అనుకున్న వసతి ఏదో ఇక్కడ లేదన్నమాట.

యంత్రం పుట్టిన వాతావరణం

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల చేతుల్లో మొదలైంది. 1956 నాటి న్యాయస్థాన ఒప్పందం కారణంగా ఏటీ అండ్ టీ సంస్థ కంప్యూటర్ వ్యాపారంలోకి దిగే వీలు లేకపోయింది. అందువల్ల యూనిక్స్ విశ్వవిద్యాలయాలకు తక్కువ రుసుముకే అందింది. బర్కిలీ విశ్వవిద్యాలయం దానికి నెట్‌వర్క్ సామర్థ్యాన్ని జోడించి 1983లో 4.2 బీఎస్‌డీ పేరుతో విడుదల చేసింది.

వర్క్‌స్టేషన్ ఆలోచనలో ఒక రాయలసీమ వాసి పాత్ర ఉంది. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని సహచరులతో కలిసి 'త్రీ ఎం' యంత్రాన్ని ప్రతిపాదించారు. ఒక మెగాబైటు జ్ఞాపకశక్తి, తెర మీద మిలియన్ చుక్కలు, సెకనుకు మిలియన్ ఆదేశాలు అన్నవి ఆ మూడు 'ఎం'లు. సరదాగా నాలుగోదాన్ని కూడా చేర్చేవారు. ధర మిలియన్ పెన్నీలు, అంటే 10,000 డాలర్లు దాటకూడదని. ఆయనకు 1994లో ట్యూరింగ్ పురస్కారం లభించింది.

1982లో ఏర్పడిన సన్ సంస్థ పేరు 'స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నెట్‌వర్క్' అన్న మాటల నుంచి వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికివస్తుంది. 1989లో ఆ సంస్థ తెచ్చిన స్పార్క్‌స్టేషన్ 1 ధర సుమారు 9,000 డాలర్లు. నాలుగో 'ఎం' నెరవేరినట్టే. అయితే ఆ ధరకు వచ్చే యంత్రంలో డిస్కు ఉండదు. పక్క గదిలో సర్వర్ ఉంటుంది, దాన్ని చూసుకునే మనిషి ఉంటాడు, ఇది అక్కడి నుంచి అన్నీ తెచ్చుకుంటుంది అన్నది లెక్క.

మన దగ్గరికి వచ్చిన దారి

భారతదేశంలో యూనిక్స్‌కు బ్యాంకులు ద్వారం తెరిచాయి. యంత్రీకరణపై 1983లో బ్యాంకు యాజమాన్యాలకు, ఉద్యోగ సంఘాలకు ఒప్పందం కుదిరింది. 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది. బ్యాంకులు కొన్న మినీ కంప్యూటర్లలో యూనిక్స్ స్థిరపడింది. వర్క్‌స్టేషన్లు మాత్రం వేరే దారిన వచ్చాయి. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో చిప్ రూపకల్పన కేంద్రాన్ని ప్రారంభించింది. అటువంటి పనికి వర్క్‌స్టేషనే పనిముట్టు. 2000 తరువాత లినక్స్ నడిచే మామూలు పీసీలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. పాతవి కిలోల లెక్కన తుక్కు దుకాణాలకు వెళ్లాయి. బెంగళూరు నుంచి అనంతపురం సుమారు 200 కిలోమీటర్లు. ఇంజనీరింగ్ చదువుకున్న కుర్రాళ్లు బస్సు మీద వేసుకొని తెచ్చుకునేంత దూరమే. నేనూ అలాగే ఒక స్పార్క్‌స్టేషన్ 5 తెచ్చాను.

తన పేరు మరచిన యంత్రం

ఇంట్లో మొదటిసారి ఆన్ చేసినప్పుడు అది చెప్పిన మాట, తన గుర్తింపు వివరాలు చెల్లవని. ఆ తరువాత డిస్కు వైపు చూడకుండా నెట్‌వర్క్ మీద ఎవరినో పిలుస్తూ కూర్చుంది. ఇది చాలామందికి ఎదురైన అనుభవమే. బోర్డు మీద గడియారం, చిన్న జ్ఞాపకశక్తి, లిథియం బ్యాటరీ మూడూ ఒకే దిమ్మలో పోతపోసిన చిప్ ఒకటి ఉంటుంది. యంత్రం గుర్తింపు సంఖ్య, నెట్‌వర్క్ చిరునామా, ఏ డిస్కు నుంచి మొదలుకావాలన్న అమరిక అందులోనే ఉంటాయి. బ్యాటరీ ఆయుష్షు సుమారు పదేళ్లు. వేడి ప్రాంతంలో అది ఇంకా తగ్గుతుంది. బ్యాటరీ చస్తే యంత్రం తన పేరు మరచిపోతుంది. అప్పుడు అది చేసే పని, "నేనెవరో చెప్పండి" అని నెట్‌వర్క్‌ను అడగడం. పేరులోనే నెట్‌వర్క్ ఉన్న సంస్థ చేసిన యంత్రం మరి. ప్రయోగశాలలో జవాబు చెప్పే సర్వర్ ఉండేది. ఇంట్లో గోడ తప్ప ఏమీ లేదు.

బ్యాటరీని విడిగా మార్చే వీలు ఎందుకు పెట్టలేదు? పదేళ్లలోపు సంస్థలు కొత్త యంత్రం కొంటాయి, ఈలోగా పాడైతే సేవా ఒప్పందం కింద చిప్పే మార్చుతారు. లోపం ఇంజనీరుది కాదు, ఆ వ్యాపార కాలమానానిది. ఖరీదైన రూపకల్పన సాఫ్ట్‌వేర్ల లైసెన్సులు కూడా ఆ గుర్తింపు సంఖ్యకే ముడిపడి ఉండేవి. కొన్ని రూపాయల బ్యాటరీతో పాటు లక్షల విలువైన సాఫ్ట్‌వేర్ మూగబోయేది.

మరమ్మతు మాత్రం చేతిపనే. చిప్ పైభాగంలోని గట్టి పోతను ఆకురాయితో జాగ్రత్తగా అరగదీసి, పాత బ్యాటరీతో సంబంధం తెంచి, బొత్తాం ఆకారపు 3 వోల్టుల సెల్లును బయటి నుంచి టంకం పెట్టాలి. ఆ తరువాత 'ఓకే' అన్న సూచన దగ్గర పాత సంఖ్యలను ఒక్కొక్కటిగా తిరిగి ఎక్కించాలి. మా ఇంటి యంత్రానికి టంకం పెట్టినది టీవీలు బాగుచేసే ఒక మెకానిక్. యూనిక్స్ పేరు ఆయన విననే లేదు. "సెల్లు అయిపోయింది సార్, బోర్డు బాగుండాది" అని మొదటి అయిదు నిమిషాల్లోనే తేల్చాడు. అంతకుముందు నేను వారం రోజులు డిస్కును అనుమానించాను.

తెర విషయం చిన్నదే. ఈ యంత్రాల వీడియో ప్లగ్గు మామూలు మానిటర్లకు సరిపోదు. కీబోర్డు ఊడదీస్తే యంత్రం సీరియల్ పోర్టు ద్వారా, సెకనుకు 9600 బిట్ల వేగంతో, మాట్లాడుతుంది. పాత పీసీ ఒకటి పక్కన పెట్టుకుంటే చాలు.

పేరు తిరిగి వచ్చాక యంత్రం డిస్కు నుంచి మొదలైంది, మధ్యలో మళ్లీ ఆగింది. ఫలానా సర్వర్ స్పందించడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాను అని పదే పదే రాసింది. అది తన పాత కార్యాలయాన్ని వెతుకుతోంది. సీడీ నుంచి ఒంటరి వినియోగదారు స్థితిలో మొదలుపెట్టి, షాడో ఫైలులో పాత రహస్యపదాన్ని తుడిచి, జోడించవలసిన డిస్కుల పట్టికలో ఆ సర్వర్ పంక్తిని తీసేస్తే గాని ముందుకు కదలలేదు. (సీడీ డ్రైవు 512 బైట్ల ఖండాలుగా చదవగలిగినదై ఉండాలి, లేకుంటే ఈ మార్గం పనిచేయదు.) అటువంటి డిస్కులో పాత యజమానుల ఫైళ్లు కనబడితే చదవకుండా చెరిపివేయండి. అది చరిత్ర పరిశోధన కిందికి రాదు.

కరెంటు, నేల, నీళ్లు

పల్లెల్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారిగా తిరిగితే వోల్టేజి పడిపోతుందని మీకు తెలుసు. ఆశ్చర్యమేమంటే, ఆ తగ్గుదలను ఈ యంత్రాలు బాగానే తట్టుకుంటాయి. వాటిని దెబ్బతీసేది హఠాత్తుగా పోయే కరెంటు. ఆ కాలపు చాలా యూనిక్స్ ఫైళ్ల వ్యవస్థల్లో మార్పులను ముందుగా చిట్టాలో రాసుకునే పద్ధతి లేదు. సన్ వారి సోలారిస్‌లో అది 1998 నాటి 7వ కూర్పుతో వచ్చింది. కాబట్టి కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ 'ఎఫ్‌ఎస్‌సీకే' నడిపి ఫైళ్లను సరిచూడవలసిందే. యూపీఎస్ ఉన్న గదిని ఊహించుకొని చేసిన యంత్రం ఇది.

అన్నిటికన్నా ఆలస్యంగా బయటపడినది ఎర్తింగ్ లోపం. ఒక మే నెలలో సీరియల్ పోర్టు కాలిపోయింది. చిప్ మార్చాను, మళ్లీ కాలింది. ఆ రోజుల్లోనే మా అమ్మ దుమ్ము తుడుస్తూ, పెట్టె తాకితే చేయి జుమ్మంటోందని చెప్పింది. నేను పట్టించుకోలేదు. నిజానికి సమాధానం ఆమె మాటలోనే ఉంది. ఇటువంటి విద్యుత్ సరఫరా పెట్టెలు వడపోత కెపాసిటర్ల ద్వారా కొద్దిపాటి కరెంటును లోహపు తొడుగుకు పంపుతాయి. అది ఎర్తు తీగ వెంట నేలలోకి పోవాలి. ఎర్తు లేకపోతే తొడుగు మీద సరఫరా వోల్టేజిలో సుమారు సగం, అంటే 115 వోల్టుల దాకా, నిలుస్తుంది. కరెంటు చాలా స్వల్పం గనుక జుమ్మనడంతో సరిపోతుంది. కాని లోపల ఏదైనా నిజంగా చెడి పూర్తి సరఫరా తొడుగుకు తగిలితే, దాన్ని నేలకు చేర్చే దారి ఉండదు, తాకినవారి ప్రాణానికే ముప్పు. వేరే ప్లగ్గులో ఉన్న పీసీకి సీరియల్ తీగ తగిలించగానే ఆ తేడా అంతా పోర్టు మీదుగా ప్రవహించింది.

ఎర్తు గుంత ఉంది, పైపు ఉంది, బొగ్గు, ఉప్పు పొరలూ వేశారు. లేనిది తేమ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ ఎర్ర గరప నేల వేసవిలో ఎండి, కరెంటును తీసుకోవడం మానేస్తుంది. పుస్తకాల్లో దీనికి పరిష్కారం ఒక్క వాక్యం: గుంతలో నీళ్లు పోయండి. ట్యాంకరు ముందు బిందెలు వరుసలో పెట్టే వీధిలో, పనికిరాని పెట్టె కోసం రెండు బకెట్ల నీళ్లు నేలలో పోస్తానంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే సబబు. నాలుగు రోజులు యంత్రం ప్లగ్గు తీసి ఉంచాను. అయిదో రోజున అమ్మే దారి చూపింది. అంట్లు కడిగిన నీళ్లు పోయే కాలువను ఇటుక ముక్కలతో కాస్త మళ్లించి గుంత వైపు తిప్పింది. వారం తరువాత ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తు కొలిచి, ఇప్పుడు పరవాలేదన్నాడు. మూడోసారి మార్చిన పోర్టు కాలలేదు.

యంత్రం మూత లోపల ఒక కాగితం అంటించాను. గుర్తింపు సంఖ్య, నెట్‌వర్క్ చిరునామా, సెల్లు మార్చిన తేదీ దాని మీద ఉన్నాయి. చివరి పంక్తి అమ్మ చెప్పగా రాసినది: వేసవిలో కాలువ ఎటు పోతోందో చూసుకొని ఆన్ చేయాలి.