రెండు ఉత్తర్వులు, ఒక పాప

2009 మార్చి నెలాఖరు. మలేషియాలోని ఇపో పట్టణం. నువ్వు కిండర్‌గార్టెన్ టీచరువి. భర్తతో గొడవ ముదిరింది. పదకొండు నెలల చంటిదాన్ని అతను ఎత్తుకుంటాడు. గడప దాటుతాడు. నువ్వు వెంటపడతావు. అందడు.

పెద్దపిల్లలిద్దరూ నీ దగ్గరే ఉన్నారు. చంటిది లేదు.

తర్వాత కాగితాలు చేతికొస్తాయి. భర్త ఇస్లాం పుచ్చుకున్నాడు. ముగ్గురు పిల్లల పేరిటా మతం మారినట్టు సర్టిఫికెట్లు తెచ్చాడు. మతం మార్చిన చోటికి పిల్లలు వెళ్లనే లేదు. నిన్నెవరూ అడగలేదు.

ఏ కోర్టు మెట్లెక్కుతావు? ముస్లిమేతరుల విడాకులు, పిల్లల కస్టడీ తేల్చేది సివిల్ కోర్టు. ఏడేళ్లలోపు బిడ్డకు తల్లి దగ్గరే మేలని 1976 నాటి చట్టం భావిస్తుంది. కాదంటే అవతలివాళ్లే నిరూపించాలి. కానీ భర్త షరియా కోర్టుకు వెళ్లి కస్టడీ ఉత్తర్వు తెచ్చుకున్నాడు. అది ముస్లింల కోర్టు. అక్కడ నీకు నోరే లేదు.

2010 మార్చి. ఇపో హైకోర్టు ముగ్గురినీ నీకే అప్పగిస్తుంది. ఆ కాగితం నలగకుండా పట్టుకుని పోలీసుల దగ్గరికి పరుగెడతావు. అతని చేతిలోనూ ఉత్తర్వుందంటారు. దేన్ని అమలు చేయాలంటారు.

కదలరు.

పాపకు మూడేళ్లు. ఐదు. ఏడు. ఏ బడి? ఎవరు అన్నం పెడుతున్నారు? పిల్లల పోషణ ఖర్చు తండ్రి చేత ఇప్పించే అధికారం కోర్టుకుంది. కనబడని మనిషి నుంచి ఎలా రాబడతావు?

2016. అతన్ని పట్టుకోమని దేశ అత్యున్నత న్యాయస్థానం, ఫెడరల్ కోర్టే పోలీసులను ఆదేశిస్తుంది.

దొరకడు.

2018 జనవరి 29. పుత్రజయ. ఫెడరల్ కోర్టులో కేసు పేరు చదువుతారు: ఇందిరా గాంధీ ముత్తో. ఇంతదాకా నువ్వు నడిచింది ఆమె అడుగుల్లోనే. ఊపిరి బిగబడతావు. ఐదుగురు న్యాయమూర్తులదీ ఒకే మాట. పిల్లల మతం మార్చాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాలి. మూడు సర్టిఫికెట్లూ చెల్లవు.

ఇదే మాటను చట్టంలో రాయబోయి, 2017లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ మాట చివరికి కోర్టే చెప్పాల్సి వచ్చింది. ఆ వెనకడుగు నాకు మింగుడుపడదు.

నువ్వు గెలిచావు. పాపకు పదేళ్లు నిండబోతున్నాయి. ఎక్కడుందో తెలియదు. తీర్పు పట్టుకుని ఇక అడగాల్సింది మళ్లీ పోలీసులనే.