హైదరాబాద్ పేరు మోసిన విమానం: భద్రపరచిన దానిలో అసలెంత?

లండన్‌లోని హెండన్‌లో ఉన్న రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం సేకరణలో ఎఫ్1010 అనే సంఖ్య గల బాంబర్ ఒకటుంది. 1918లో వెస్ట్‌లాండ్ కర్మాగారంలో తయారైన డీహెచ్-9ఎ రకం విమానం అది. కొయ్య చట్రం, దానిమీద నారబట్ట తొడుగు, ముందు 400 అశ్వశక్తి గల అమెరికన్ లిబర్టీ ఇంజను, ఇద్దరు కూర్చునే చోటు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన సొమ్ముతో 110వ స్క్వాడ్రన్‌కు సమకూరిన విమానాల్లో ఇదొకటి. ఆ దళానికి హైదరాబాద్ పేరు అలా వచ్చింది. ఇది నిజాం కానుక అని విమానాల మీదే రాయించారు.

ఈ విమానం ముందు నిలబడ్డ తెలుగు సందర్శకుడు తన ఊరి చరిత్రలో ఒక ముక్కను చూస్తున్నాననుకోవడం సహజం. ఆ మాట ఎంతవరకు నిజం? పాత బ్రిటిష్ విమానాలను భద్రపరచే పద్ధతుల్లో ఏది ఏ సాక్ష్యాన్ని నిలుపుతోంది, దేన్ని చెరిపేస్తోంది? కొన్ని విమానాల చరిత్ర ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎఫ్1010 ప్రయాణం

110వ స్క్వాడ్రన్ 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్ చేరింది. అక్టోబరు 5న జర్మనీ మీద దాడికి వెళ్లిన ఎఫ్1010 శత్రువుల చేతికి చిక్కింది. నాశనం కాకుండా చిక్కడమే దాని అదృష్టమైంది. యుద్ధం తర్వాత అది బెర్లిన్‌లోని విమాన ప్రదర్శనశాలకు చేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ప్రదర్శనశాల బాంబు దాడులకు గురైంది. మిగిలిన విమానాలను తూర్పుకు తరలించారు. అవి చివరికి పోలండ్‌లోని క్రాకోవ్ మ్యూజియంలో తేలాయి. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను పోలండ్‌కు ఇచ్చి, బదులుగా ఎఫ్1010ను బ్రిటన్ తెచ్చుకుంది. దాని రెక్కలు అప్పటికే పోయాయి. కార్డింగ్టన్ వర్క్‌షాపులో కొత్తవి తయారుచేసి అమర్చారు. 1980ల మొదట్లో విమానం హెండన్ ప్రదర్శనకు వచ్చింది.

అంటే సందర్శకుడి కంటికి ముందుగా కనిపించే భాగం, విస్తీర్ణంలో అన్నిటికన్నా పెద్దది, 1918 నాటిది కాదు. దీన్నిబట్టి ఎఫ్1010 నకలు అనడం తొందరపాటు. యుద్ధంలో పట్టుబడ్డ దేహమే ఇక్కడుంది, అది చేతులు మారిన క్రమానికి ఆధారాలున్నాయి. అయితే అప్పటి రెక్కల పనితనం గురించి ఈ రెక్కలను సాక్ష్యంగా చూపలేం. ఒకే వస్తువులో సగం మూలపత్రంగానూ సగం వ్యాఖ్యానంగానూ ఉన్నప్పుడు ఏది ఏదో చూసేవారికి తెలియాలి.

ఒకే రకం, మూడు దారులు

హ్యాండ్లీ పేజ్ హాలిఫాక్స్ బాంబర్లను ఈ ప్రశ్నకు మంచి పరీక్షగా తీసుకోవచ్చు. ఆరు వేలకు పైగా తయారైన ఈ నాలుగు ఇంజన్ల విమానాల్లో యుద్ధం తర్వాత ఒక్కదాన్నీ పూర్తిగా దాచుకోలేదు. దాదాపు అన్నీ తుక్కుగా పోయాయి. ఇప్పుడు మ్యూజియాల్లో కనిపించే మూడూ తర్వాతి తరాలు వెతికి సంపాదించినవే.

మొదటిది డబ్ల్యూ1048. 1942 ఏప్రిల్‌లో నార్వే తీరాన దాగిన టిర్‌పిట్జ్ యుద్ధనౌక మీద దాడికి వెళ్లి, దెబ్బతిని, గడ్డకట్టిన హోక్లింగెన్ సరస్సు మీద దిగింది. సిబ్బంది బతికి బయటపడ్డారు. మంచు కరిగాక విమానం మునిగింది. 1973లో పైకి తీశారు. కొంత మరమ్మతు మొదలుపెట్టి ఆపేశారు. ఇప్పుడు హెండన్‌లో అది నీటిలోంచి లేచిన స్థితికి దగ్గరగా, నలిగి, తుప్పు తిని ఉంది.

రెండోది ఎన్ఏ337. 1945 ఏప్రిల్‌లో నార్వే ప్రతిఘటన దళాలకు సరుకులు జారవిడవడానికి వెళ్లి మ్యోసా సరస్సులో కూలింది. 1995లో వెలికితీసి కెనడాలోని ట్రెంటన్‌కు తరలించారు. పదేళ్ల పనితో 2005 నాటికి పూర్తి రూపానికి తెచ్చారు.

మూడోది ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌లోని ఎల్వింగ్టన్‌లో ఉంది. దాని మధ్య దేహం స్కాట్లాండ్‌కు చెందిన లూయిస్ దీవిలో ఒక రైతు కోళ్లగూడుగా వాడుకున్న ముక్క. రెక్కలు హేస్టింగ్స్ అనే వేరే రకం రవాణా విమానానివి. దానికి వేసిన పేరు, రంగులు మాత్రం 128 దాడులు చేసి తిరిగొచ్చిన ‘ఫ్రైడే ద థర్టీన్త్’ అనే మరో హాలిఫాక్స్‌వి. ఆ అసలు విమానం యుద్ధానంతరం తుక్కయింది.

పదార్థాన్నిబట్టి చూస్తే మొదటిదే బలమైన సాక్షి. రివెట్ల వరస, లోహం చిరిగిన తీరు, నీరు చేసిన నష్టం అందులో చదవొచ్చు. కానీ సిబ్బంది ఎక్కే నాటికి హాలిఫాక్స్ ఎలా ఉండేదో అది సులభంగా చెప్పదు. ఆ పని రెండోది చేస్తుంది. అయితే మరమ్మతులో పోయిన గుర్తులు మళ్లీ రావు. మూడోది ఏ ఒక్క విమానానికీ ఆనవాలు కాకపోయినా, యార్క్‌షైర్ స్థావరాల నుంచి వెళ్లి తిరిగిరాని యువకులకు అక్కడొక స్మారకంగా నిలిచింది. ఈ మూడింటిలో ఏది ఉత్తమం అనే ప్రశ్నకు ఒకే జవాబు ఉందని ఈ ఆధారాలు చెప్పడం లేదు. దేనికోసం భద్రపరుస్తున్నామన్నదానిమీదే జవాబు ఆధారపడుతుంది.

ఎగరడానికి చెల్లించే వెల

బ్రిటన్‌లో విమాన పరిరక్షణ మ్యూజియం గోడల మధ్యే ఆగలేదు. ఎగిరే విమానాన్ని చూడటం అక్కడ పెద్ద ప్రజా సంప్రదాయం. ఎగరాలంటే విమానం నేటి భద్రతా ప్రమాణాలకు నిలవాలి, అలసిన లోహం మారాలి. 1940 మేలో ఫ్రాన్స్‌లోని కలే బీచ్‌లో దిగిన స్పిట్‌ఫైర్ పీ9374 నలభై ఏళ్లు ఇసుకలో కూరుకుపోయి 1980లో బయటపడింది. 2011లో మళ్లీ ఎగిరింది. అంతకాలం ఉప్పునీరు తిన్న అల్యూమినియం గాలిలో బరువు మోస్తుందని ఆశించలేం కాబట్టి, ఎగిరిన దానిలో కొత్త లోహమే ఎక్కువని భావించడం సమంజసం. దాని గుర్తింపు మాత్రం పాతదే.

అంతర్వేది నరసింహస్వామి రథం 2020లో కాలిపోతే కొత్తది చేయించి ఉత్సవం సాగించారు. భక్తుడికి రథం అంటే ఊరేగింపు. కొయ్య వయసు ప్రశ్నే కాదు. ఎగిరే స్పిట్‌ఫైర్ అభిమానులదీ కొంతవరకు ఇదే తర్కం. పరిశోధకుడికి మాత్రం కొయ్య వయసే ప్రశ్న.

ఎగరడానికి ఇంకా కొన్ని షరతులున్నాయి. 2.7 మిలియన్ పౌండ్ల లాటరీ నిధి సాయంతో పునరుద్ధరించిన వల్కన్ ఎక్స్‌హెచ్558 జెట్ బాంబర్ 2007లో తిరిగి ఎగిరి, 2015 అక్టోబరులో ఆగిపోయింది. ప్రజాదరణ తగ్గడం అందుకు కారణం కాదు. సాంకేతిక బాధ్యత వహిస్తున్న సంస్థలు తప్పుకోవడం వల్ల ఆగింది. అదే ఏడాది ఆగస్టులో షోరమ్ విమాన ప్రదర్శనలో హాకర్ హంటర్ రోడ్డు మీద కూలి 11 మంది చనిపోయారు. ఆ తర్వాత పాత జెట్‌ల విన్యాసాలపై ఆంక్షలు బిగించారు. ఎగిరే పరిరక్షణ శాశ్వతమైనదని అనుకోవడానికి ఈ రెండు ఉదంతాలూ అవకాశమివ్వవు.

భారతదేశంలో మిగిలినవి

బ్రిటిష్ విమానాల అవశేషాలు కొన్ని మన దేశంలోనే నిలిచాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత భారత్‌కు కానుకగా వచ్చిన డీహెచ్-9లు కొన్ని సంస్థానాలకు అందాయి. ఎఫ్1010కు అవి ముందుతరం రకం. బికనేర్ కోటలో పూర్వం ఏనుగులను కట్టిన శాలలో వాటి భాగాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి పునరుద్ధరణ తర్వాత 2007లో డక్స్‌ఫర్డ్ మ్యూజియం చేరింది, మరొకటి 2019లో ఎగిరింది. 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో పోరాడిన హరికేన్ ఆర్4118 బనారస్ హిందూ విశ్వవిద్యాలయ ఆవరణలో దశాబ్దాలు పడి ఉంది. 2001లో బ్రిటన్ చేరి, 2004 డిసెంబరులో మళ్లీ ఎగిరింది.

ఈ రెండు చోట్లా విమానాలను కాపాడింది ప్రణాళిక కాదు, ఎవరూ కదపకపోవడం. తుక్కు వ్యాపారి చేరని మూలన, కొత్త రంగు పూయకుండా వదిలేసినవి కాబట్టే అసలు భాగాలు అంత మిగిలాయి. నిర్లక్ష్యాన్ని పద్ధతిగా సిఫారసు చేయడానికి ఇది చాలదు. అదే ఎండకూ వానకూ పోయినవి లెక్కకు రావు, మిగిలినవే మన కళ్ల ముందున్నాయి. అయితే శుభ్రం చేసే ముందు, రంగు గీకే ముందు ఆగి నమోదు చేయాలన్న పాఠం మాత్రం గట్టిదే.

నిర్ధారణ

పదార్థం, రూపం, పనిచేసే శక్తి అనే మూడింటినీ ఒక్క విమానంలో సంపూర్ణంగా నిలిపిన ఉదాహరణ పైవాటిలో ఒక్కటీ లేదు. ఒకదాన్ని నిలిపితే ఇంకోదాన్ని కొంత వదులుకోవాల్సి వచ్చింది. అందుకే పరిరక్షణను మెరుపునుబట్టి తూచడం కన్నా, ఏది వదులుకున్నారో బయటపెట్టారా లేదా అన్నదాన్నిబట్టి తూచడం సబబు. ఏ భాగం ఎప్పటిది, ఏది ఏ విమానం నుంచి వచ్చింది, ఏది కొత్తగా చేశారు అన్న వివరాలు వర్క్‌షాపు దస్త్రాల్లో ఉంటే చాలదు. విమానం పక్కన పలకమీద కూడా ఉండాలి.

ఇది మనకూ పనికొచ్చే కొలమానం. బ్రిటన్‌లో తయారై, 1983 నుంచి 2016 వరకు భారత నౌకాదళంలో పనిచేసిన సీ హారియర్ రకం విమానమొకటి విశాఖ బీచ్ రోడ్డులో ప్రదర్శనకు చేరింది. సముద్రపు గాలిలోని ఉప్పు ఆ లోహానికి నిత్యం ఎదురయ్యే ముప్పు. మారుస్తున్న ప్రతి భాగాన్నీ, పూస్తున్న ప్రతి రంగునూ ఇప్పటినుంచే నమోదు చేస్తే, ఎఫ్1010 విషయంలో మనం వేసిన ప్రశ్నకు విశాఖలో జవాబు సిద్ధంగా ఉంటుంది.