ఓటు లేని సభ: తాండూరు మెథడిస్టు నేపథ్యంలో క్వేకర్ పాలన

తాండూరు, వికారాబాద్ ప్రాంతంలో క్రైస్తవమంటే ముందుగా గుర్తొచ్చేది మెథడిస్టు సంఘం. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు బ్రిటిష్ మెథడిస్టు మిషన్‌కు చెందిన మెదక్ వెస్లియన్లు అందులో కలిశారు. అమెరికన్ మిషన్ నుంచి వచ్చిన ఇటువైపు వాళ్లు కలవలేదు. 1981లో స్వతంత్రమైన మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాలో వీరిది హైదరాబాద్ రీజినల్ కాన్ఫరెన్స్. ఏ పాస్టరు ఏ ఊరికి వెళ్లాలో బిషప్పు నిర్ణయిస్తారు. ఆ బిషప్పును జనరల్ కాన్ఫరెన్స్ ఓట్లతో ఎన్నుకుంటుంది. దీనికి అలవాటుపడిన వారికి క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖ పద్ధతి కట్టుబాటు లేనిదిగా తోస్తుంది. బిషప్పు లేడు, ఓటింగు లేదు, బ్రిటన్‌లోనైతే పాస్టరూ లేడు. నిజానికి అక్కడ కట్టుబాట్లకు కొదవ లేదు.

1660ల చివర్లో క్వేకర్ల స్థాపకుడు జార్జ్ ఫాక్స్ ఇంగ్లండులో ఊరూరా తిరిగి నెలవారీ సమావేశాలు నెలకొల్పాడు. వాటిపైన త్రైమాసిక సమావేశం, ఆపైన వార్షిక సమావేశం. మెథడిస్టుల స్థాపకుడు వెస్లీ తొలి కాన్ఫరెన్స్ జరిగింది ఆ తర్వాత ఎంతో కాలానికి, 1744లో. క్వేకర్లలో సభ్యత్వం, పెళ్లి, ఆస్తి, పేదల సాయం నెలవారీ సమావేశం చేతిలో ఉండేవి. సభ నడిపే క్లర్కు తన వాదన వినిపించకూడదు. మౌనాల మధ్య వచ్చే మాటలు విని, సభ ఎటు మొగ్గిందో పోల్చుకుని, తీర్మానం అక్కడికక్కడే రాసి చదవాలి. సభ ఒప్పుకుంటేనే అది నిలుస్తుంది. ఇంటికెళ్లి మినిట్స్ రాసుకునే వీలు లేదు. మన పంచాయతీ ఏకగ్రీవాల్లో బేరసారాలన్నీ నామినేషన్ల ఉపసంహరణకు ముందే ముగుస్తాయి. క్వేకర్లలో భిన్నాభిప్రాయం సభలోనే బయటపడాలి.

ఈ పద్ధతికి చెల్లించిన మూల్యమూ తక్కువది కాదు. 1688లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో నలుగురు బానిసత్వాన్ని ఖండిస్తూ అర్జీ రాశారు. నెలవారీ సమావేశం దాన్ని త్రైమాసిక సమావేశానికి పంపింది, అది వార్షిక సమావేశానికి పంపింది, అక్కడ పక్కన పెట్టేశారు. జాన్ వూల్మన్ లాంటి క్వేకర్లు బానిసల యజమానుల ఇళ్లకే వెళ్లి నచ్చజెప్పాల్సి వచ్చింది. 1758లో ఫిలడెల్ఫియా వార్షిక సమావేశం బానిసల క్రయవిక్రయాలు చేసేవారిని సంఘ వ్యవహారాల నుంచి తప్పించింది. బానిసలను ఉంచుకోవడాన్నే నిషేధించింది 1776లో. అర్జీకీ నిషేధానికీ మధ్య 88 ఏళ్లు. ఓటు లేకుండా అందరి సమ్మతి కోరి అల్పసంఖ్యాకుల మాట కాపాడే ఏర్పాటు ఇక్కడ కాపాడింది ఆస్తిపరులను. పలుకుబడి గల పెద్దల మాటకు క్వేకర్ సభల్లో ఎప్పుడూ బరువెక్కువ. వాళ్లనెవరూ ఎన్నుకోలేదు కనుక దించడమూ కుదరదు. బిషప్పు అధికారం కనీసం కంటికి కనబడుతుంది, దానిమీద ఫిర్యాదైనా చేయవచ్చు.

భారతదేశంలో క్వేకర్ మిషన్ రేచెల్ మెట్‌కాఫ్ 1866లో రావడంతో మొదలై, హోషంగాబాద్ (నేటి నర్మదాపురం) చుట్టూ వేళ్లూనింది. తెలుగునేల దాకా రాలేదు. బుందేల్‌ఖండ్‌లో అమెరికన్ క్వేకర్లది మరో శాఖ, సువార్త ప్రచారం వాళ్ల ప్రధాన పని. ఇక ప్రపంచంలో క్వేకర్లు అత్యధికంగా ఉన్న కెన్యాలో పాస్టర్లు ప్రసంగిస్తారు, పాటలు పాడతారు. తాండూరు మెథడిస్టుకు ఆ ఆరాధన పరాయిగా అనిపించదు. తర్వాత జరిగే సభా వ్యవహారాల్లో బిషప్పు కుర్చీ కోసం వెతికితే మాత్రం క్లర్కు బల్లే కనబడుతుంది.